సిగ్నల్ పిలిచే ఆట

ఆ రోజు గొడవ పళ్లు తోముకునే బ్రష్షు దగ్గర మొదలైంది.

“మళ్ల నా బ్రష్షే నోట్ల వెట్టుకున్నవారా?” రత్నమ్మ వాష్‌బేసిన్ పక్కన నిలబడి, నురగ నిండిన మనవడి నోటి వంక అసహ్యంగా చూసింది. “ఎర్రది నాది, గ్రీన్‌ది నీది అని ఎన్నిమాట్ల జెప్పాలె? నా నోట్ల మిగిలినయే నాలుగు పండ్లు. వాటి మీద గూడ నీ ఎంగిలి వడాల్నా?”

శామ్యూల్ నురగ ఉమ్మి, బ్రష్షును అటూ ఇటూ తిప్పి చూశాడు. “రెండూ ఒక్కతీర్గ కొంటే నేనేం జెయ్యాలె నాయినమ్మా? నీ దానికి ఓ దారమన్న కట్టుకో.”

“ఒక్కతీర్గ యాడున్నయిరా? ఎర్రగున్నది ఎర్రగ కనవడ్తలేదా నీకు?”

హాల్లో పేపరు చదువుతున్న సుందర్ రావు తల ఎత్తకుండానే అందుకున్నాడు. “రేపు ఇంజినెక్కినంక సిగ్నల్‌కు గూడ దారం గట్టుమంటడేమో జూడు!” తన జోకుకు తనే పడీపడీ నవ్వాడు.

వంటింట్లో స్నేహలత చేతిలో అట్లకాడ ఆగిపోయింది. దోసె అంచు మాడిన వాసన ముక్కుకు తగిలేదాకా ఆమె కదల్లేదు.

“నేనే అటుదిటు పెట్టిన అత్తమ్మా. తప్పు నాదే. వాన్ని అనకుండ్రి, కొత్తది తెప్పిస్త,” అంది అక్కడినుంచే.

“నువ్వు వాన్ని ఎనకేసుకొచ్చుడు తర్వాత, ముందుగాల దోసె తిరగెయ్యి,” అంది రత్నమ్మ.

అలా తప్పులు తన మీద వేసుకోవడం స్నేహలతకు కొత్త కాదు. వేరే విషయాల్లో ఆమె ఎవరి తప్పునూ ఊరికే వదిలే మనిషి కాదు. పాలలో నీళ్లు కలిస్తే పాలు పోసే కొమురెల్లిని గేటు దగ్గరే నిలబెట్టి గిన్నె తిప్పి చూపించేది. లెక్కలో పిల్లలు ఒక్క గీత తప్పుగా గీసినా పేజీ మొత్తం మళ్లీ రాయించేది. శామ్యూల్ రంగులు తారుమారు చేసినప్పుడు మాత్రం ఆ కచ్చితత్వమంతా ఎక్కడికో పోయేది. పండిన టమాటాలనుకుని వాడు పచ్చివి తెస్తే తనే చెప్పలేదనేది. క్రిస్మస్ పాటల రోజు అందరూ ఎర్ర కండువాలు వేసుకుంటే వాడొక్కడు గోధుమరంగుది చుట్టుకుని నిలబడితే, ఉతికినది ఆరలేదనేది. ఒక తల్లి ఎన్ని సాకులు పుట్టించగలదో అన్నీ పుట్టించింది.

ఇప్పుడు సాకులతో గట్టెక్కని రోజు దగ్గరపడింది. శామ్యూల్ రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాశాడు. మొదటిది నెగ్గాడు, రెండోది నెగ్గాడు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మెదడు చురుకు చూసే పరీక్ష కూడా నెగ్గాడు. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే, సోమవారం.

కాజీపేటలో వాళ్ల ఇంటి వెనక గోడ అవతల పట్టాలే. రత్నమ్మ భర్త బొగ్గు ఇంజిన్లలో ఫైర్‌మన్‌గా మొదలై డ్రైవరయ్యాడు. కొడుకు సుందర్ రావు మెయిల్ బండ్లు నడుపుతున్నాడు. పెద్ద మనవడు ఇమ్మానుయేల్ అసిస్టెంట్‌గా చేరి రెండేళ్లు. శామ్యూల్ కూడా చేరితే ఇంట్లో మగవాళ్లందరూ ఇంజిన్ ఎక్కినవాళ్లే అవుతారు. సుందర్ రావు అప్పుడే చర్చిలో చెప్పేశాడు, డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో చాయ్‌లు తాగించాడు, ఎదురింటి సోమక్కకు మిఠాయి డబ్బా ఇచ్చి వచ్చాడు. “ఇంగ మెడికలేమున్నది? గుర్రం లెక్క ఉన్నడు పోరడు,” అనేవాడు.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక స్నేహలత శామ్యూల్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసేది. ఫోన్‌లో చుక్కల బొమ్మలు తెరిచేది. రంగురంగుల చుక్కలతో నిండిన గుండ్రటి బొమ్మ. చూడగలిగినవాడికి అందులో ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకెలు తన కొడుక్కి కనిపించవని ఆమెకు తెలుసు. అందుకని చూడటం నేర్పలేదు, గుర్తుపట్టడం నేర్పింది. ఎడమ పక్క కింద పెద్ద చుక్క ఉంటే ఎనిమిది. పై అంచున మూడు చిన్న చుక్కలు ఆనుకుని ఉంటే ఆరు. వరుస మార్చి అడిగేది, బొమ్మను తిప్పి అడిగేది, తడబడితే మొదటికి తీసుకొచ్చేది. చీకటి గదిలో చిన్న దీపం చూపించి రంగు అడుగుతారని ఇమ్మానుయేల్ మాటల్లో ఒకసారి విన్నది. వెంటనే హన్మకొండ వెళ్లి గిఫ్టు షాపులో జిలెటిన్ కాగితాలు కొని తెచ్చింది. కిటికీకి దుప్పటి కట్టి, టార్చి ముందు ఒక్కో కాగితం పెట్టి, బాగా మసకగా ఉంటే ఎరుపనీ, కళ్లలో గుచ్చినట్టుంటే పసుపనీ వాడికి అలవాటు చేసింది. ఇన్ని పాఠాల్లోనూ ఎందుకు నేర్పుతున్నదో ఆమె చెప్పలేదు. వాడూ అడగలేదు. “అందరు ప్రాక్టీస్ జేసేదేరా,” అని మాత్రం మొదటి రోజు అంది. వాడు తల ఊపాడు.

పరీక్షకు ఇంత కట్టుదిట్టంగా తయారుచేసే విద్య ఆమెకు చదువుకునే రోజుల నుంచే ఉంది. డిగ్రీలో జువాలజీ క్లాసుకు ఆమెదే మొదటి ర్యాంకు. చివరి ఏడాది వంశపారంపర్యం పాఠం చెబుతూ సౌమ్య మేడమ్ బోర్డు మీద మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు వలయాలు గీసింది. ఎరుపూ ఆకుపచ్చా పోల్చుకోలేని తండ్రికి పుట్టిన ప్రతి కూతురూ ఆ లోపాన్ని లోపల మోస్తుందనీ, ఆమె చూపుకు మాత్రం ఏ కొరతా ఉండదనీ, ఆమె కనే కొడుకుల్లో ఒక్కొక్కరికి అది రావడానికి సగం అవకాశం ఉంటుందనీ చెప్పింది. “మీ ఇండ్లల్ల ఎవరికన్న ఉందా?” అని అడిగింది. వెనక బెంచీలో రమ్య లేచి, పెళ్లికొడుకై ఒక ఎర్ర చెప్పు ఒక ఆకుపచ్చ చెప్పు వేసుకుని వచ్చిన మేనమామ సంగతి చెప్పి అందరినీ నవ్వించింది. స్నేహలత నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకుంది.

ఆమె తండ్రి వరంగల్ చౌరస్తా దగ్గర దర్జీ. మిషన్ పక్కన దారపు రీళ్లు వరుసగా పేర్చే పని తల్లిది. ఆ వరుసను ముట్టకూడదన్నది పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న కట్టడి. ఆయన ఎక్కువగా తెల్లబట్టలే కుట్టేవాడు. బడి చొక్కాలు, నర్సుల గౌన్లు, పాస్టర్ల అంగీలు. మనిషి దైవభక్తి అలాంటిదని జనం అనుకునేవారు. తల్లి పురిటికని అమ్మమ్మ ఇంటికి వెళ్లిన నెలలో ఒక పెళ్లికూతురి మెరూన్ రవికె ఒప్పుకున్నాడు. ఆకుపచ్చ దారంతో కుట్టి ఇచ్చాడు. పెళ్లికూతురి తల్లి దాన్ని షాపు మెట్ల మీద పదిమందిలో విసిరికొట్టింది. “కరెంటు లేకుండె అక్కా,” అన్నాడు ఆయన. అప్పటికి ఫ్యాను తిరుగుతూనే ఉంది. మిషన్ వెనక కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న స్నేహలత తండ్రి మెడ చూసింది, తిరుగుతున్న ఫ్యాను చూసింది. అప్పటినుంచి ఆ సంగతి ఎవరికీ చెప్పకూడనిదని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

పెళ్లిచూపుల్లో రత్నమ్మ అన్నీ అడిగింది. అద్దాలున్నయా, దమ్ము రోగమున్నదా, ఇంట్లో షుగరున్నదా అని. రంగులు తెలుస్తాయా అని ఎవరు అడుగుతారు? అడిగినా స్నేహలతకు తెలుస్తాయి. అబద్ధం ఆడాల్సిన అవసరమే పడలేదు. ఇన్నేళ్లూ ఆమె పట్టుకుని వేలాడింది ఈ ఒక్క మాటనే.

ఇమ్మానుయేల్‌కు నాలుగేళ్లు నిండగానే పుట్టింటి నుంచి రీళ్లు తెచ్చి నేల మీద పరిచింది. వాడు ఎర్రవన్నీ ఒకచోట, ఆకుపచ్చవన్నీ ఒకచోట పెట్టాడు. ఆమె వాణ్ని ముద్దులతో ముంచెత్తింది. శామ్యూల్ వంతు వచ్చినప్పుడు వాడు గోధుమరంగు రీలునూ ఆకుపచ్చ రీలునూ పక్కపక్కన నిలబెట్టి, “ఇవి అన్నదమ్ములు” అన్నాడు. ఆమె రీళ్లు సర్దేసింది. ఆ తరువాత రంగు పెన్సిళ్లు పేరు రాసి ఉన్నవే కొనేది. పేరు చదివితే తప్ప రంగు తెలియదు కాబట్టి వాడికి బడికి పోకముందే అక్షరాలు వచ్చాయి. టీచర్లు మెచ్చుకున్నారు. తల్లి చదువుకున్నది కదా, అన్నారు.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు సుందర్ రావు సెలవున్న సాయంత్రాల్లో ఇద్దరినీ స్టేషన్ మీది నడక వంతెన ఎక్కించి సిగ్నల్ పిలిచే ఆట ఆడించేవాడు. ఇంజిన్‌లో ఇద్దరుంటారు. దూరాన సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యి చాపి రంగు పిలవాలి, రెండోవారు చూసి అదే రంగు మళ్లీ పిలవాలి. ఒకరి కన్ను పొరబడితే ఇంకొకరి కన్ను కాపాడుతుందని ఆ పద్ధతి. వంతెన మీద ఇమ్మానుయేల్ “గ్రీన్!” అని పిలిచేవాడు. శామ్యూల్ చెయ్యి చాపి “గ్రీన్!” అనేవాడు. “శబ్బాష్, గిట్లుండాలె జోడీ అంటే!” అని తండ్రి పొంగిపోయేవాడు. ఎప్పుడూ అన్న గొంతే ముందు, తమ్ముడి గొంతే వెనక. ఏళ్ల తరబడి రైళ్లు నడిపిన మనిషికి అందులో తేడా కనబడలేదు, ఎందుకంటే రెండోవాడు చేయాల్సిన పని అదే. మెట్ల దగ్గర పల్లీల పొట్లాలు పట్టుకుని నిలబడ్డ స్నేహలతకు కనబడింది. ఇద్దరి చేతుల్లో చెరో పొట్లం పెట్టి ఇంటికి తీసుకొచ్చింది.

శనివారం సాయంత్రం ఆమె శామ్యూల్‌ను వెంటబెట్టుకుని ఆ వంతెనే ఎక్కింది. కూరగాయలకని ఇంట్లో చెప్పింది. నిజానికి ఆమెకు ఆఖరి పరీక్ష పెట్టాలని ఉంది. గదిలో వాడు ఒక్కటీ తప్పడం లేదు. బయట కూడా తప్పకపోతే, ఇన్నేళ్ల తన భయం ఉత్తదేనని తనకు తాను చెప్పుకోవచ్చు.

తుంపర పడుతోంది. బల్హార్షా వైపు పట్టాలు బూడిదరంగు మసకలో కలిసిపోయాయి. దూరంగా ఒక దీపపు చుక్క.

“ఏందది?” అంది స్నేహలత.

“నువ్వు ముందు జెప్పు.”

“ఇయ్యాల నువ్వే ముందు.”

శామ్యూల్ కళ్లు చిట్లించాడు. కడ్డీ మీద చేతులు మార్చుకున్నాడు. “దగ్గరికి వోతె చెప్తనే. దీపం పైనున్నదా కిందున్నదా తెలుస్తది గద. గిక్కడికెల్లి స్తంభమే కనవడ్తలేదు.”

“ఇంజిన్ల నిలవడ్డోనికి గూడ కనవడది శామూ. రంగు జెప్పు.”

“పసుపు,” అన్నాడు.

అది ఎరుపు. తుంపరలో కూడా ఆమెకు నిప్పుకణికలా కనబడుతున్న ఎరుపు. పసుపంటే ముందుకు పోతూ వేగం తగ్గించుకోవాలి. ఎరుపంటే చక్రం కదలకూడదు.

ఆమె ఏమీ అనేలోపే వంతెన కింద నుంచి ఒక ప్యాసింజరు బండి నెమ్మదిగా సాగింది. కిటికీ పక్కన ఒకామె పాపకు జడ వేస్తోంది. ఎవరో చెయ్యి బయటపెట్టి తుంపర పట్టుకుంటున్నారు. బండి ఇంకొంచెం పోయి, ఆ ఎర్ర చుక్కకు ఇవతల ఆగింది. దాని ఇంజిన్‌లో ఉన్న ఎవరో ఇద్దరు చూసి పిలుచుకున్నారు కాబట్టి ఆగింది.

స్నేహలతకు చుక్కల బొమ్మలు, జిలెటిన్ కాగితాలు, కిటికీకి కట్టిన దుప్పటి అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. ఎదుటివాడి పాలలో చెంబుడు నీళ్లను పట్టుకునే తను, ఇన్నాళ్లూ తలుపు వేసుకుని కూర్చుని చేసిన పని ఇదా? ముఖం మీద పడుతున్న తుంపర కూడా ఆమెకు వేడిగా తగిలింది.

“తప్పు జెప్పిన గదా?” అన్నాడు శామ్యూల్ ఆమె ముఖం చూసి.

“నీకు కనవడదురా. నీకు చిన్నప్పట్నించి కనవడది.” ఆ మాట ఆమె నోటి వెంట రావడం అదే మొదటిసారి.

“ఎరికే.”

ఆమె తల తిప్పింది.

“ఇంటర్ల ఉన్నప్పటి సంది ఎరికే అమ్మా. ల్యాబ్‌ల రెసిస్టర్ల మీద రంగు గీతలుంటయి, అవ్వి సదువుమంటే రాలే. ఫోన్ల సూస్కున్న. అంత సమజైంది.”

“మరి నాకెందుకు జెప్పలే?”

వాడు కడ్డీ మీద నీటి బొట్లను వేలితో తుడిచాడు. “నీకు సిగ్గయితదని.”

ఇరవై రెండేళ్లు కొడుకును తను దాచాననుకుంది. తనను వాడు దాచాడు. స్నేహలత వంతెన మెట్టు మీద కూలబడింది. చీర తడుస్తోందని కూడా చూసుకోలేదు.

“మరి గీ పరీక్ష రాసుడెందుకురా? నేను గవన్ని నేర్పుతాంటే కూసొని నేర్చుకునుడెందుకు?”

“డాడీ సంబురానికి రాసిన. ఏడ పాసైత తియ్యి అనుకున్న. పాసైన. ఇగ నువ్వు ఫోన్ పట్టుకొని వచ్చినవు. మా అమ్మ తప్పు పని చెయ్యది గదా, గిది తప్పు గాదేమో అనుకున్న.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

కాసేపటికి వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఒక్కటి మాత్రం సమజ్ గాలే. ఇద్దరం ఒక్క కడుపుల పుట్టినోళ్లమే. అన్నకెందుకు రాలే? నాకే ఎందుకు?”

ఇది ఆమెకు వచ్చిన పాఠం. ఇంతకంటే బాగా వచ్చిన పాఠం ఇంకొకటి లేదు.

“చిన్నప్పుడు ఇక్కడ లింక్ బోగీలు కోసి మార్చేది, డాడీ మీకు సూపిచ్చిండు, యాదికున్నదా?”

“ఆ. ఓ బండివి కోసి ఇంకో బండికి తగిలిచ్చేటోళ్లు.”

“గట్లనే అనుకో. నా దగ్గర రెండు బండ్లున్నయి. ఒకటి మా నాయిన ఇచ్చింది, ఒకటి మా అమ్మ ఇచ్చింది. పిల్లగాడు పుట్టేటప్పుడు అందులకెల్లి ఒక్క బండే పోవాలె. కని పోయేముందు రెండూ పక్కపక్క నిలవడి బోగీలు మార్చుకుంటయి. మార్చుకున్నంక బయిలెల్లేది మా నాయిన బండి గాదు, మా అమ్మది గాదు. ఎన్నడూ నడువని కొత్త బండి. అన్నకు పోయింది ఒక తీరు, నీకొచ్చింది ఇంకో తీరు. ఏ బోగీ ఎటు పోవాలెనో చెప్పెటానికి అక్కడ స్టేషన్ మాస్టరుండడు.”

“నాకు తాత బండి వచ్చింది.”

“బండి గాదురా, ఓ బోగీ. మా నాయిన బండిల చూపుదొక బోగీ, బట్టతలదొక బోగీ. రెండూ ఒక్క బండియ్యే, జర దూరం దూరం. మధ్యల ఎక్కడ్నో తెగింది. బట్టతలది మీ అన్నకు పోయింది, చూపుది నీకొచ్చింది.” బోధన మొదలుపెడితే ఆమెకు కచ్చితత్వం దానంతట అదే వచ్చేస్తుంది. “బట్టతలకు వేరే కారణాలు గూడ ఉంటయనుకో. అసలుది మాత్రం గా బండిలనే ఉంటది.”

శామ్యూల్ తన ఒత్తైన జుట్టులోకి వేళ్లు పోనిచ్చాడు. ఇరవై ఆరేళ్లకే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అద్దం ముందు నిలబడే అన్న గుర్తొచ్చి కిసుక్కున నవ్వాడు. “అంటే అన్న గూడ తాతకే వడ్డడన్నట్టు!”

“ఇద్దరికీ అందరివీ ఉన్నయిరా. నీ గొంతు మా అమ్మది. నువ్వు నవ్వేది మీ డాడీ నవ్వు.”

చెబుతుంటే ఆమెకే వింతగా ఉంది. చిన్నవాణ్ని చూసినప్పుడల్లా తన కళ్లకు ఆ ఒక్క బోగీయే కనబడుతూ వచ్చింది. పెద్దవాడు లెక్క తప్పించుకున్నవాడు, చిన్నవాడు లెక్కకు దొరికినవాడు. వాడి గొంతు తల్లిదని ఇప్పటిదాకా ఒక్కసారైనా తలుచుకున్నదా? ఇంత తేలికైన మాటను రైలు బోగీలతో చెప్పడానికి పావుగంట పట్టలేదు. వాడికి పదేళ్లప్పుడు చెప్పి ఉంటే, ఇంజిన్ కాకుండా వేరే ఏదో చదువుకుని ఉండేవాడు.

“అమ్మా, ఫికర్ చెయ్యకు,” అన్నాడు శామ్యూల్ లేస్తూ. “రేపు అన్నం కాడ నేనే డాడీకి చెప్త. ఇంజినంటే భయమైతాంది, నౌకరి వద్దు అంట. తిడ్తడు, నాలుగు రోజులు మాట్లాడడు. గంతే గద. మనిద్దరి ముచ్చట బైటికి రాది.”

స్నేహలతకు ఒక్క క్షణం గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. వాడు మెడికల్‌కు పోడు; ఎవరికీ ఏమీ తెలియదు; తన తండ్రి మెడ వంగదు, తన తల వంగదు. మరుక్షణం ఆ తేలికదనం ఏమిటో ఆమెకు అర్థమైంది: నింద కొడుకు మోస్తే తను బయటపడటం. ఇన్నాళ్ల సిగ్గంతా కలిపినా దీనికి సరితూగలేదు. అయినా నోరు తెరిచి “వద్దురా” అనలేకపోయింది. కూరగాయల సంచి తీసుకుని కొడుకు వెనకే మెట్లు దిగింది.

ఆదివారం చర్చిలో పాస్టరు శామ్యూల్‌ను ముందుకు పిలిచి, తల మీద చెయ్యి ఉంచి, రేపటి పరీక్షలో దేవుడు తోడుండాలని ప్రార్థన చేశాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. స్నేహలత మూసుకోలేకపోయింది. చేతులు జోడించి నిలబడ్డ కొడుకు కూడా కళ్లు తెరిచే ఉన్నాడు, నేల చూస్తున్నాడు.

మధ్యాహ్నం బగారన్నం, కోడికూర. ఇమ్మానుయేల్‌కు డ్యూటీ లేదు. సుందర్ రావు పెద్ద ముక్క ఏరి చిన్న కొడుకు పళ్లెంలో వేశాడు.

“తిను. రేపు బరువు తూస్తరు. తక్కువుంటే మా ఇంట్ల తిండి వెడ్తలేరనుకుంటరు.”

“జర పెరుగు గూడ ఎయ్యే, చలువ చేస్తది,” అంది రత్నమ్మ.

శామ్యూల్ అన్నంలో వేళ్లు పెట్టి కలుపుతూ, “డాడీ,” అన్నాడు. “నేను మెడికల్‌కు పోను.”

“ఎందుకు, తారీకు మార్చిండ్రా?”

“లేదు. నాకు ఇంజినంటే భయమైతాంది. నాకు గా నౌకరి వద్దు.”

సుందర్ రావు ముందు నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపాడు. “భయమా? రాత్రి ఏమన్న పీడకల వచ్చిందారా?”

“లేదు డాడీ. నిజంగనే వద్దు.”

“ఊరంత చెప్పిన! పాస్టర్ నెత్తి మీద చెయ్యి వెట్టిండు పొద్దుగాల! అప్పుడు నోట్ల నాలిక లేకుండెనా?” ఆయన గొంతు లేచింది. “లచ్చల మంది రాస్తే దొరికే నౌకరిరా అది. మా నాయిన కాలిన చేతులతోని బొగ్గేసిండు. పాతికేండ్ల సంది నేను నిద్ర లేకుండ తిరుగుతాన్న. మీ అన్న పోతాండు. నీకొక్కనికి భయమా?”

“మా వంశంల పిరికోడు పుట్టలే,” అంది రత్నమ్మ. “గీడెవనికి వడ్డడో!”

“తమ్మీ, మొదట్ల అందరికీ ఉంటది,” అన్నాడు ఇమ్మానుయేల్ మెల్లగా. “రెండు ట్రిప్పులైతే పోతది.”

శామ్యూల్ తల ఎత్తలేదు. “వద్దన్న గదా అన్నా.” మెడ వంచి అన్నం మీదికి వంగాడు. ఆ మెడను ఎక్కడ చూసిందో స్నేహలతకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“సిగ్గుండాలె!” అన్నాడు సుందర్ రావు.

“వానికి గాదు, నాకుండాలె,” అంది స్నేహలత.

గంటె గిన్నెలో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. కూర్చోలేదు.

“వాడు పిరికోడు గాదు. మీ తిట్లు నా మీద వడకుండ వాడు తన మీద ఏసుకుంటాండు. వానికి ఎరుపు, పసుపు, గ్రీన్ మీకు కనవడ్డట్టు కనవడయి. పుట్టినప్పటి సంది గంతే. మా నాయినకు గట్లనే ఉండె. మా నాయినకెల్లి నాకొచ్చింది, నాకెల్లి వీనికొచ్చింది. గిది మన పెండ్లికి ముందే నాకెరుక.”

సుందర్ రావు చేతిలోని ముద్ద పళ్లెంలో వదిలేశాడు.

“ఏం మాట్లాడుతానవు స్నేహా?” సుందర్ రావు గొంతు దిగిపోయింది. “బ్రిడ్జి మీద నేను నేర్పలేదా? ఒక్కటి తప్పకుండ పిలిచేది గదా వాడు!”

“ఇమ్మూ పిలిచినంక పిలిచేది.”

సుందర్ రావు పెద్ద కొడుకు వైపు చూశాడు, చిన్న కొడుకు వైపు చూశాడు. నీళ్ల గ్లాసు దగ్గరకు జరుపుకుని తాగకుండా వదిలేశాడు. ఎర్ర సిగ్నల్ చూడక దాటితే ఏమవుతుందో ఆ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

“పెండ్లికి ముందే ఎరుకా?” రత్నమ్మ కోడలిని కిందికీ మీదికీ చూసింది. “గప్పుడెందుకు జెప్పలే?”

“చెప్తె చేసుకోరని గాదు అత్తమ్మా. సిగ్గయి చెప్పలే. తర్వాత గూడ సిగ్గయే చెప్పలే. గీ నెలంత తలుపేసుకొని, పరీక్షల వట్టువడకుండ వానికి బొమ్మలు బట్టీ వట్టిచ్చింది గూడ నేనే.”

ముసలామె పళ్లెం పక్కకు జరిపింది. తరువాత ఆశ చావని గొంతుతో, “గంత మంచిగ నేర్పినవంటే, పాసైతడేమోనే,” అంది.

“పాసైతడు. గందుకే పోవద్దు.”

స్నేహలత శామ్యూల్ వెనక్కి వచ్చి, వాడి కుర్చీ మీద చెయ్యి వేసింది.

“రేపు వీడు మెడికల్‌కు పోడు. వద్దన్నది వాడు గాదు, నేను. చర్చిల, రన్నింగ్ రూంల, ఎవలడిగినా గట్లనే చెప్పుండ్రి. వానికి భయమని మాత్రం ఎవ్వరూ చెప్పద్దు.”